షేక్‌లు తాగి 7 కిలోలు తగ్గాను, మానేశాక 5 తిరిగొచ్చేశాయి. మళ్లీ మొదలుపెట్టాలా?

రాయగడ_అమ్మాయి:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

మాది ఒడిశాలో రాయగడ. వయసు 36, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, ఇద్దరు పిల్లలు, స్కూల్లో టీచర్‌ని. సంక్రాంతికి పార్వతీపురం పుట్టింటికి వెళ్తే మా అమ్మ గుమ్మంలోనే "ఏటమ్మా ఇలగైపోయావు" అనేసింది. మిషనెక్కి చూస్తే 74. సరిగ్గా ఆ టైములోనే మా పెద్దాడపడుచు, అంటే మా వదిన, భోజనానికి బదులు పాలలో పౌడర్ కలుపుకుని తాగే ఈ షేక్‌ల కంపెనీ ఒకదాంట్లో "కోచ్"గా చేరింది. ఇంక నేను కాదంటే ఏమవుతుందో పెళ్లైన ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు కదా. పొద్దున్న ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు, మధ్యాహ్నం మాత్రం అన్నం. 500 గ్రాముల డబ్బా 2,200, అందులో 25 గ్రాముల చొప్పున 20 గ్లాసులు వస్తాయి, అంటే నెలకి మూడు డబ్బాలు, 6,600. దాని మీద "మెటబాలిజం టీ" అని ఇంకోటి, అది వేరే లెక్క. పాల ఖర్చు నేను కలపలేదు.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మూడు నెలలు గట్టిగా చేశాను. మొదటి వారంలోనే రెండున్నర కిలోలు దిగింది, షేక్‌లు తాగేవాళ్ల గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు. మొత్తం 7 తగ్గి 67కి వచ్చాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో సంతోషంగానే ఉన్నాను, పాత జాకెట్లు పట్టాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కానీ రెండో నెల నుంచి మలబద్ధకం. గ్రూపులో అడిగితే "నాలుగు లీటర్ల నీళ్లు తాగు" అన్నారు. ఏప్రిల్‌కి తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు, బాత్రూం జాలీలో ముద్దలు. అడిగితే "టాక్సిన్లు బయటికి పోతున్నాయి, మంచిదే" అన్నారు. జుట్టు ఊడితే మంచిదేంటో నాకైతే అర్థం కాలేదు.

ఇంకొకటి, సిగ్గుగా ఉన్నా చెప్తాను. రాత్రి పిల్లలకి ఉప్మా చేసి పెట్టి, నేను ఆ కుల్ఫీ ఫ్లేవర్ గ్లాసు గిలక్కొట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. ఎంత గిలకొట్టినా అడుగున పిండి ఉండలు ఉండిపోతాయి, చెంచాతో గీక్కుని తినాలి. వాళ్లు తినేసి లేచాక మూకుడు కడగడానికి తీసుకెళ్లి, వంటింట్లో లైటు వేయకుండా నిలబడి ఆ అడుగంటిన ఉప్మా వేళ్లతో గీకి తినేసేదాన్ని. ఒకరోజు మా చిన్నది చూసేసింది. "అమ్మా, ఆకలేస్తే ప్లేట్లో పెట్టుకోవచ్చు కదా" అంది.

మే నెలలో బరంపురంలో చుట్టాల పెళ్లి, అక్కడ నాలుగు రోజులు మామూలు తిండి తిన్నాను, తిరిగొచ్చాక మళ్లీ డబ్బా కొనడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు ఆగస్టు, 72. వదిన "మధ్యలో ఆపింది నువ్వు, తప్పు ప్రోడక్ట్‌ది కాదు" అంటోంది. శనివారం మళ్లీ డబ్బాలు పట్టుకుని వస్తానంది.

నా ప్రశ్నలు: మళ్లీ మొదలెట్టాలా? ఆన్‌లైన్లో సగం ధరకి వేరే బ్రాండ్లు ఉన్నాయి, అవి మంచివా? లేక నాలోనే లోపమా? థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములది వేసుకుంటాను, పొద్దున్న ఆరింటికి మాత్ర, ఆరున్నరకి షేక్. ఇంకేం జబ్బులు లేవు.

—

మందులకొట్టు_పర్లాకిమిడి:

అమ్మా, చివరి లైన్లో రాసిన విషయం ముందు చూడాలి. థైరాయిడ్ మాత్ర వేసుకున్న అరగంటకే షేక్ తాగుతున్నారు. ఆ పౌడర్లలో చాలా వాటికి ఆధారం సోయా ప్రోటీను, దానికి తోడు కాల్షియం, ఐరన్ కలిపి ఉంటాయి, పైగా పాలలో కలుపుతున్నారు. ఇవన్నీ మాత్రని ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం, ఐరన్‌కీ ఈ మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలని మేం రోజూ కౌంటర్లో చెప్తూనే ఉంటాం. మీరు మూడు నెలలు మాత్ర మింగినా సగం వృథా అయి ఉండొచ్చు. జుట్టు ఊడటానికీ, మలబద్ధకానికీ, బరువు తిరిగి రావడానికీ థైరాయిడ్ తక్కువవడం కూడా ఒక కారణం. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష, థైరాయిడ్ తక్కువైతే ఈ అంకె పెరుగుతుంది) చేయించారా ఈ మధ్య? చేయించి మీ డాక్టర్‌కి చూపించండి, మిగతా చర్చంతా తర్వాత.

జుట్టు సంగతి. టాక్సిన్లు లేవు, ఏమీ లేవు. ఏ టాక్సిన్ అని పేరు అడగండి మీ గ్రూపులో, ఒక్కరు చెప్పరు. ఒంట్లోకి వెళ్లే తిండి ఒక్కసారిగా పడిపోతే శరీరం ముందు గుండె, మెదడు చూసుకుంటుంది, జుట్టు దాని లెక్కలో ఆఖరిది. వెంట్రుకలు ఎక్కువ భాగం ఒకేసారి విశ్రాంతి దశలోకి పోయి, రెండు మూడు నెలలకి రాలడం మొదలవుతుంది. ఫిబ్రవరిలో మొదలెట్టారు, ఏప్రిల్లో రాలింది, లెక్క సరిపోయింది. బాలింతలకి, టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లకి ఊడేది కూడా ఇదే రకం. తిండి సరైతే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది, దానికి టెన్షన్ వద్దు.

మొదటి వారం రెండున్నర కిలోలు అన్నారు. అది కొవ్వు కాదు. మన కాలేయంలోనూ కండల్లోనూ పిండిపదార్థం గ్లైకోజన్‌గా నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముతోపాటు దాదాపు మూడు గ్రాముల నీరు పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే అది ఖర్చై నీరు పోతుంది. ఏ పద్ధతిలో తిండి తగ్గించినా మొదటి వారం ఇలాగే దిగుతుంది, చప్పట్లు కొట్టించుకునేది మాత్రం డబ్బా. పెళ్లిలో నాలుగు రోజులు అన్నం తినగానే ఒకటి రెండు కిలోలు ఎక్కేసి ఉంటాయి కదా, అవి ఆ నీళ్లే. అక్కడే జనం హడలిపోయి మళ్లీ డబ్బా కొంటారు, ఈ వ్యాపారం సగం దాని మీదే నడుస్తుంది అని నా అభిప్రాయం.

మలబద్ధకానికి నీళ్లు ఒక్కటే చాలవు, పీచు ఉండాలి. మీ డబ్బా వెనక చూడండి, గ్లాసుకి పీచు రెండు మూడు గ్రాములు ఉంటే గొప్ప. పదార్థాల పట్టికలో ఏది ముందు రాస్తే అది ఎక్కువ ఉన్నట్టు. మొదటి మూడింట్లో మాల్టోడెక్స్‌ట్రిన్, ఫ్రక్టోజ్, పంచదార లాంటివి కనిపిస్తే మీరు ఖరీదైన తీపి పిండి కొన్నారని అర్థం. మాల్టోడెక్స్‌ట్రిన్‌ని పంచదార కింద లెక్కపెట్టరు కానీ రక్తంలో షుగర్ దాదాపు గ్లూకోజంత వేగంగా పెంచుతుంది. ఇక 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు చూపించి "గవర్నమెంటు ఒప్పుకుంది" అంటారు. అది తయారీకి లైసెన్సు. మా వీధి చివర మిఠాయి దుకాణానికీ ఉంది.

సగం ధర బ్రాండ్ అడిగారు. డబ్బు మిగులుతుంది, మిగతావన్నీ అలాగే ఉంటాయి.

ఇంకొక్క మాట. గ్రూపులో ఎవరైనా వారానికి కిలోన్నర పైన దిగుతూ ఉంటే, వాళ్లకి కుడి పక్కటెముకల కింద భోజనం తర్వాత నొప్పి వస్తే గ్యాస్ మాత్ర వేసుకుని ఊరుకోవద్దని చెప్పండి. మరీ వేగంగా తగ్గేవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశం పెరుగుతుంది. మా దగ్గరికి గ్యాస్ మాత్రకని వచ్చినవాళ్లలో ఒకరిద్దరిని శ్రీకాకుళం పంపించి స్కాన్ తీయిస్తే రాళ్లే.

—

బరంపురం_బావ:

మందులకొట్టు గారు చెప్పినవి కాదనను కానీ షేక్‌లన్నీ మోసం అనేస్తే నేను ఒప్పుకోను. నాకు షుగర్ వచ్చిన రెండో ఏడాదే విశాఖలో డాక్టరు పెట్టిన పద్ధతిలో 12 వారాలు పూర్తిగా షేక్‌ల మీదే ఉన్నాను. బ్రిటన్‌లో షుగర్ ఉన్నవాళ్ల మీద డైరెక్ట్ అని ఒక పెద్ద పరీక్ష జరిగింది, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రోజుకి 825 నుంచి 853 కేలరీలు, మూడు నుంచి ఐదు నెలలు, ఏడాది చివర్లో ఆ గుంపులో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. రెండేళ్లకి అది 36 శాతానికి వచ్చింది. అందరూ ఈ సంఖ్యలే చూపించి డబ్బాలు అమ్ముతారు.

కానీ వాళ్లు చూపించని సగం ఉంది. ఆ పరీక్షలో వాళ్లని నర్సులూ డైటీషియన్లూ చూసుకున్నారు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపించారు. అన్నిటికన్నా ముఖ్యం, షేక్‌లు అయ్యాక ఒక్కో పూట మామూలు తిండి మళ్లీ అలవాటు చేయడానికే రెండు నుంచి ఎనిమిది వారాలు కేటాయించారు, ఆ తర్వాత రెండేళ్ల దాకా నెలనెలా కలిశారు. మీ వదిన గారు ఆ పని చేశారా? ఏప్రిల్ 30న షేక్, మే మొదటి వారంలో పెళ్లి భోజనం. దిగడానికి మెట్లే లేవు, దూకేశారు. లోపం మీలో కాదు, ఆపడం ఎలాగో ఎవరూ నేర్పలేదు అంతే. అమ్మేవాళ్లకి మీరు ఆపడం నేర్చుకుంటే ఏం లాభం చెప్పండి.

నాకు 11 కిలోలు తగ్గి రెండేళ్లలో 4 తిరిగొచ్చాయి, దానికే డాక్టరు గారు భుజం తట్టారు. తేలికేం కాదు. రథయాత్ర రోజు ఇంటి నిండా చుట్టాలు, పొడపిఠా (కాల్చిన బియ్యప్పిండి తీపి రొట్టె) వాసన, నేను మాత్రం చాక్లెట్ రుచి నీళ్లు. పూట పూటకీ అదే రుచి, అదే చిక్కదనం, నమిలేది ఏమీ లేదు. కడుపు నిండినా నోటికి నిండదు. గంటన్నరకే మళ్లీ ఆకలి.

—

జయపురం_మాష్టారు:

రిటైరైన వాడిని, 64. నేను తెలివైనవాడిని అనుకుని చేసిన పని చెప్తా. షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకుంటాను. ఎవరో చెప్తే డాక్టర్‌తో ఒక్క మాట అనకుండా పొద్దున్న టిఫిన్ మానేసి షేక్ పెట్టాను. మాత్ర మాత్రం ఎప్పటిలాగే. ఐదో రోజు కొరాపుట్ వెళ్దామని బస్టాండ్‌లో నిలబడ్డాను, పదకొండవుతోంది, చొక్కా తడిసిపోయేంత చెమట, చేతులు వణుకు, బస్సు మీద రాసిన ఊరి పేరు చదవలేకపోయాను. టీ కొట్టు కుర్రాడు ఒడియాలో ఏదో అడుగుతున్నాడు, నాకు చెవినపడుతోంది గానీ జవాబు రావట్లేదు. వాడే కూర్చోబెట్టి గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించాడు. పావుగంటకి మనిషినయ్యాను.

ఆ రకం మాత్ర తిండితో పని లేకుండా షుగర్‌ని లాగేస్తుంది, అంచేత తిండి సగమైతే మాత్ర కూడా మార్చాలట. డాక్టరు తర్వాత చెప్పారు, తిట్టి మరీ. ఇన్సులిన్ వాళ్లకీ ఇదే.

ఇంకోటి, నా వయసులో బరువు తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. మూడు కిలోలు తగ్గానని మురిసిపోయాను, మేడ మెట్లెక్కితే తొడలు వణికాయి. టీచరమ్మా, మీ అత్తగారికి గానీ మీ అమ్మగారికి గానీ ఎవరైనా ఈ డబ్బా అంటగడుతుంటే అడ్డం పడండి.

—

గుణుపురం_గుంట:

అక్కా, మీ చిన్నమ్మాయి అడిగిన మాట చదివి నాకు కళ్లు చెమర్చాయి. నేనూ రెండు నెలలు ఆ గ్లాసు తాగినదాన్నే.

మీ షేక్ లెక్క నేను వేసి చూశా. 25 గ్రాముల పౌడర్‌కి 95 కేలరీల దాకా, 200 మిల్లీ పాలకి 115, మొత్తం 210. ప్రోటీను 15 గ్రాముల దగ్గర. సరే. 50 గ్రాముల పెసలు, అంటే సుమారు చిన్న టీ గ్లాసులో సగం, రాత్రి నానేసి అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బితే రెండు పల్చటి పెసరట్లు వస్తాయి. చెంచాడు నూనెతో కలిపి అవీ 210 కేలరీలే. ప్రోటీను 12 గ్రాములు, పీచు ఏడెనిమిది. పెసల ఖర్చు ఆరేడు రూపాయలు. మీ గ్లాసు 110, పాలు కాకుండా. పెసరట్టుకి ఇంకో లాభం, నమలాలి, పళ్లెంలో పెట్టుకుని పిల్లలతో కూర్చుని తినొచ్చు.

నిజానికి బరువు తగ్గించింది షేక్ కాదు, మీరు రోజుకి తిన్నది 1,000 కేలరీల లోపు ఉండటం. అంత తక్కువ తింటే చెరుకు రసం తాగినా తగ్గుతారు. అంత తక్కువ ఎవరూ ఏళ్ల తరబడి తినలేరు, నేనైతే మూడో వారానికే మా ఆయన మీద అరవడం మొదలెట్టా.

చోడి (రాగి) అంబలి గురించి అందరూ చెప్తారు కాబట్టి నేనూ చెప్తా కానీ జాగ్రత్త. చోళ్లలో కాల్షియం బాగుంటుంది, వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల పైమాటే, పీచూ ఉంది. మా వైపు సంతలో మాండియా, అంటే ఇవే చోళ్లు, కావలసినంత. కానీ అంబలి కూడా తాగేదే, ప్రోటీను పెద్దగా లేదు, బెల్లం వేసి మూడు గ్లాసులు తాగితే తగ్గేది లేదు. మజ్జిగ, ఉల్లిపాయ వేసి ఒక గ్లాసు, పక్కన ఒక ఉడికిన గుడ్డో గుప్పెడు గుగ్గిళ్లో. ఒక డబ్బాని తీసేసి ఇంకో డబ్బాని దేవుడిని చేయకండి, అది చోడిపిండి డబ్బా అయినా సరే.

రాత్రికి మా ఇంట్లో దాల్మా చేస్తా, కందిపప్పులో ఆనపకాయ, గుమ్మడికాయ, వంకాయ, మునక్కాయ అన్నీ పడేసి, నూనె ఒక చెంచా తాలింపుకి. గిన్నెడు దాల్మాకి గరిటెడు అన్నం, మామూలుగా మనం చేసేది తిరగేయడం అన్నమాట. పండగరోజు అన్నం ఎక్కువే తింటా, మర్నాడు మళ్లీ ఇదే. ఏడాదిన్నరలో 6 కిలోలు. నత్తనడకే, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అయినా తిరిగి రాలేదు.

సాయంత్రం నాలుగున్నర ఆకలి చూసుకోండి అక్కా, స్కూలు నుంచి వచ్చాక. నా బరువంతా అక్కడే ఉండేది, మిక్చర్ పొట్లంలో.

వదిన గారి విషయానికొస్తే, ఆవిడతో సైన్సు మాట్లాడకండి. "థైరాయిడ్ డాక్టరు వద్దన్నారు" అనండి, అయిపోయింది. మన వాళ్లు ఆడపడుచు మాట కాదన్న కోడలిని క్షమించరు గానీ డాక్టరు మాటకి తలవంచుతారు. అబద్ధం కూడా కాదు, టెస్టు చేయించుకున్నాక డాక్టరు నిజంగానే అదే అంటారు చూడండి.

—

రాయగడ_అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న టీఎస్‌హెచ్ ఇచ్చాను, ఈరోజు రిపోర్టు వచ్చింది, 9.2. ఏడాది కిందట 3 ఉండేది. మందులకొట్టు గారూ, మీకు దండం. డాక్టరు గారు ముందు మాత్ర ఒక్కటే ఖాళీ కడుపున వేసుకుని, గంట దాకా కాఫీ కూడా తాగొద్దన్నారు, డోసు తర్వాత చూద్దామన్నారు. నేను వేసుకునే ఐరన్ మాత్రని రాత్రికి మార్చారు.

మాష్టారూ, మీ బస్టాండ్ సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. వదినావాళ్లాయనకి షుగర్ ఉంది, ఆయనకీ పొద్దున్నపూట ఇదే ఇస్తోంది వదిన. ఇప్పుడు నాకు భయం అక్కడ మొదలైంది. శనివారం వచ్చినప్పుడు నా సంగతి పక్కనపెట్టి ముందు అన్నయ్య ఏ మాత్ర వేసుకుంటున్నారో కనుక్కుంటాను.

ఇంట్లో డబ్బాన్నర మిగిలింది, పారేయాలంటే ప్రాణం ఒప్పట్లేదు. ఏం చేయమంటారు? గుణుపురం చెల్లీ, పెసరట్టుకి పొట్టు పెసలేనా, పప్పు వాడొచ్చా?

—

మందులకొట్టు_పర్లాకిమిడి:

మాత్ర సరిగ్గా వేసుకోవడం మొదలెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ టీఎస్‌హెచ్ చేయించండి, అంతకుముందు చేస్తే అంకె స్థిరపడదు. మీ ఎత్తుకి 57 కిలోలు అని చార్టులు చూసి బెంగపడొద్దు, నాలుగు కిలోలు తగ్గి అక్కడ నిలబడ్డా మోకాళ్లకి తెలుస్తుంది. డబ్బాల మీద తేదీ దాటిపోకపోతే సాయంత్రం నాలుగున్నరకి అప్పుడప్పుడు ఒక గ్లాసు తాగేయండి, మిక్చర్ కన్నా నయం. భోజనానికి బదులు మాత్రం వద్దు. మీ అన్నయ్య గారి మాత్రల చీటీ ఫొటో తీసి వాళ్ల డాక్టర్‌కి పంపించండి, శనివారం దాకా ఆగకుండా ఈ రాత్రికే ఫోన్ చేస్తే మేలు.

—

గుణుపురం_గుంట:

పొట్టు పెసలే అక్కా, పొట్టులో పీచు ఎక్కువ. ఆరేడు గంటలు నానితే చాలు. పిండి పులియబెట్టొద్దు.